ఆ తివాచీ ఏ తెగది?

పోయిన ఏడాది ఒక పుస్తకం అచ్చు పని మీద పట్నంలో ఒకరింటికి వెళ్లాం. హాల్లో సోఫా వెనక గోడకు ఒక ఉన్ని తివాచీ వేలాడుతోంది. ఎరుపు, నలుపు, బూడిద రంగులు. మధ్యలో మెట్లు మెట్లుగా దిగే రెండు పెద్ద డైమండ్లు. చుట్టూ నల్లటి అంచు. బాగుందన్నాం. ఇంటావిడ సంతోషపడి, "ట్రైబల్ డిజైనండీ" అంది. ఏ తెగదండీ అని అడిగాం. ఆవిడ మా ముఖాలు ఓసారి చూసి, "అదే... ట్రైబల్" అంది. ఆవిడ అనుమతితో ఒక మూల వెనక్కి తిప్పి చూశాం. కుట్టిన చీటీ మీద చేనేత అనీ, నూటికి నూరు పాళ్లు ఉన్ని అనీ, మేడ్ ఇన్ ఇండియా అనీ ఉంది. తెగ పేరు లేదు.

ఆవిడ మీద మాకు కోపం లేదు. టీ ఇచ్చింది, పుస్తకం గురించి అడిగింది. కానీ ఆ "ట్రైబల్" అన్న మాటలో మేమూ ఉన్నాం కదా. కోయ, గోండు, సవర, కొండరెడ్డి, ఎక్కడో అమెరికాలో ఉన్న మరో తెగ, అందరం ఆ ఒక్క మాటలో పడి కలిసిపోయాం. అందుకే ఈ వ్యాసం. సాహిత్యం గురించి రాయాల్సిన చోట తివాచీ గురించి ఎందుకని మిత్రులు అడగవచ్చు. అచ్చు పుస్తకాన్ని విమర్శించినంత శ్రద్ధగా మన చేతి పనిని ఎవరూ విమర్శించరు. మెచ్చుకుంటారు, కొంటారు, అంతటితో సరి. విమర్శకు నోచుకోని కళకు చరిత్ర కూడా మిగలదు.

ఆ డైమండ్లు నవహో వాళ్లవి. వాళ్లు తమను తాము డినే అంటారు, అంటే మనుషులు అని. మన గోండులు తమను కోయితూర్ అనుకున్నట్టే. అమెరికాలో అరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలు కలిసే ఎత్తు పీఠభూమి వాళ్ల నేల. తెలంగాణలో సగం కంటే పెద్దది. ఎక్కువ భాగం సముద్రమట్టానికి కిలోమీటరున్నర పైనే ఉంటుంది. వాన తక్కువ, చలి ఎక్కువ, గొర్రెలే ఆస్తి. వాళ్ల నేతను మేము చేత్తో తాకలేదు. మ్యూజియాలు అచ్చువేసిన ఫొటోల్లోనే చూశాం. ఆ పరిమితి ఒప్పుకునే మాట్లాడుతున్నాం.

ముందు పని సంగతి. నిలువు మగ్గం. పడుగు పైనుంచి కిందికి బిగించి ఉంటుంది. మామూలు బట్టలో పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతుంది. ఇక్కడ అలా పోదు. ఎర్ర దారం ఎరుపు కావలసినంత మేరకే పోయి వెనక్కి తిరుగుతుంది. దాని పక్కన నల్ల దారం తన మేర నడిచి తానూ వెనక్కి తిరుగుతుంది. ప్రతి వరుసనూ చెక్క దువ్వెనతో కిందికి కొట్టి బిగిస్తారు. పడుగు పూర్తిగా కనబడకుండా పోతుంది. టాపెస్ట్రీ నేత అంటే ఇదే. బొమ్మ బట్ట మీద వేసింది కాదు, బొమ్మే బట్ట. చాలామంది కాగితం మీద గీసుకోరు, లెక్కంతా తలలోనే. మూడడుగులకు అయిదడుగుల తివాచీకి గొర్రె ఉన్ని కత్తిరించడం నుంచి చివరి వరుస దాకా కొన్ని వందల గంటలు పడతాయి.

ఇలాంటిది కనబడగానే మన వ్యాసకర్తలు కూడా "వేల ఏళ్ల సంప్రదాయం" అని మొదలుపెడతారు. ఆ మాటతో మాకు పేచీ ఉంది. గొర్రెలు ఆ నేలకు వచ్చింది స్పెయిన్ వాళ్లతో, పదహారో శతాబ్దంలో. మగ్గం పని డినేలు తమ పొరుగు ప్యూబ్లో తెగల దగ్గర నేర్చుకున్నారని చరిత్రకారులు చెబుతారు. ప్యూబ్లోల్లో నేసేది మగవాళ్లు. డినేల్లో అది ఎక్కువగా ఆడవాళ్ల పని అయింది. డినేల కథలో అయితే నేత నేర్పింది సాలెపురుగు అమ్మ. మగ్గం అడ్డకర్రలు ఆకాశం, భూమి. ఈ రెంటికీ తగవు పెట్టనక్కర్లేదు. పని ఎవరి దగ్గర నేర్చారో చరిత్ర చెబుతుంది, ఆ పనిని ఎంత పెద్దదిగా తలచారో కథ చెబుతుంది.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. ఆ నేలలో మంచి ఎరుపు దొరకదు. వర్తకంలో వచ్చిన బయేటా అనే ఎర్ర ఉన్ని బట్టను కొని, దారం దారంగా విప్పి, ఆ దారంతో మళ్లీ నేశారు. పాత దుప్పట్ల రంగును పరీక్షిస్తే కొన్నింటి ఎరుపు కాక్టస్ మీది పురుగుదనీ, మరికొన్నింటిది లక్క అనీ తేలింది. లక్క మన దేశపు అడవుల్లో, మనకు తూర్పున ఉన్న దేశాల అడవుల్లో చెట్టు కొమ్మల మీద పెరిగే పురుగు. దాన్ని ఏరి సంతకు తెచ్చేది మనలాంటి వాళ్లే. ఆ లక్క ఏ అడవిదో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ఎరుపు చూసినప్పుడల్లా ఏ చేతులు ఏరాయో అని మాకు అనిపిస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఈ నేత గోడకోసం కాదు, నేలకోసం కాదు. ఒంటికోసం. మన దగ్గర గొంగడి ఎలాగో వాళ్లకు ఆ దుప్పటి అలాగ. "చీఫ్ బ్లాంకెట్" అని పేరుపడ్డవి మైదానాల తెగలు కూడా గుర్రాలిచ్చి కొనుక్కున్నవి. మొదట్లో వట్టి అడ్డచారలు: తెలుపు, నలుపు, నీలం. తర్వాత చారల మధ్య ఎర్ర దీర్ఘచతురస్రాలు, ఆ తర్వాత డైమండ్లు. ఇప్పుడు మ్యూజియం గోడ మీద పరిచి చూపిస్తే నడుమ నిండు డైమండు, రెండు చివర్ల సగాలు, నాలుగు మూలల పావులు కనిపిస్తాయి. మూలల్లో ఎందుకు తెగిపోయిందని మేమూ అనుకున్నాం. భుజాల మీద కప్పుకున్న ఫొటో చూశాక గాని తెలియలేదు. ముందువైపు రెండు అంచులూ కలిసినప్పుడు సగం సగం కలిసి నిండు డైమండవుతుంది. వీపు మీద ఒకటి, గుండె మీద ఒకటి. మనిషి లోపల ఉంటేనే బొమ్మ పూర్తవుతుంది. గోడ మీద అది ఎప్పటికీ తెగిన బొమ్మే. ఇంటి అలంకరణ మీద మా మొదటి ఫిర్యాదు ఇది. నీతి గురించి కాదు, చూపు గురించి.

1864లో అమెరికా సైన్యం వాళ్ల పంటలు కాల్చి, గొర్రెలను చంపి, పీచ్ తోటలు నరికి, 8 వేల మందికి పైగా మనుషులను వందల మైళ్లు నడిపించి బాస్కే రెడొండో అనే చోట బంధించింది. నాలుగేళ్లు. 1868 ఒప్పందంతో తమ నేలకు తిరిగి వచ్చినప్పుడు ప్రభుత్వం ఇస్తానన్నవాటిలో 15 వేల గొర్రెలు, మేకలు ఉన్నాయి. మిల్లు దారం కూడా వచ్చింది. పెన్సిల్వేనియా నుంచి రసాయన రంగుల్లో మెరిసే జర్మన్‌టౌన్ దారం. ఆ దారంతో ఆ స్త్రీలు నేసినవి చూస్తే కళ్లు చెదురుతాయి, పేరు కూడా అదే పెట్టారు. పసుపు పక్కన ఎరుపు, ఎరుపు పక్కన ఊదా, రంపపు పళ్లలా కదిలే గీతలు. సహజ రంగులు పోయాయని అప్పటి కొనుగోలుదారులు పెదవి విరిచారు. మాకు మాత్రం వాళ్ల నేతలో బాగా నచ్చినవి అవే. చెర నుంచి తిరిగొచ్చి, ఇచ్చిన దారం తీసుకుని, ఎవరూ అడగనిది నేశారు.

1880లలో రైలు వచ్చింది. దాని వెనకే కొట్లు. కొట్టువాడు పిండి, కాఫీ, బట్ట అప్పిచ్చి ఉన్ని, దుప్పటి తీసుకుంటాడు. ఈ కథ మనకు చెప్పాలా? 1896 నుంచి పెండిల్టన్ మిల్లు దుప్పట్లు చవగ్గా వచ్చేసరికి ఒంటి మీదికి చేనేత అక్కర్లేకపోయింది. కొట్టువాళ్లు దుప్పటిని బరువు చేయించి తివాచీ అన్నారు, తూర్పు నగరాలకు పంపారు. చాలాకాలం వాటిని కొన్నది తూకానికి. పౌనుకు ఇంత. సన్నగా వడికి సన్నగా నేస్తే బరువు తగ్గుతుంది, డబ్బూ తగ్గుతుంది. అంటే పనితనానికి శిక్ష. ఉన్ని సరిగ్గా కడగకుండా, మట్టి వదలగొట్టకుండా నేశారని ఆ స్త్రీలను నిందించిన రాతలు ఉన్నాయి. తక్కెడ పెట్టినవాడిని నిందించినవి తక్కువ. కాతీ మెక్‌క్లాస్కీ అనే పరిశోధకురాలు కొట్ల లెక్కల పుస్తకాలు వెతికి 2002లో దీని మీద పెద్ద పుస్తకం రాసింది. చింతపండు తూకం దగ్గర నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకు అందులోని సంగతి వెంటనే అందుతుంది.

గనాడోలో హబ్బెల్ అనే వ్యాపారి తనకు నచ్చిన డిజైన్లను చిన్న చిన్న బొమ్మలుగా వేయించి కొట్టు గోడకు తగిలించాడు. ఇలాంటిది నేసుకురండి అని చూపించడానికి. క్రిస్టల్ అనే చోట మూర్ అనే వ్యాపారి 1903లో, 1911లో పోస్టు ఆర్డరు జాబితాలు అచ్చువేశాడు. తుర్కీ, పర్షియా తివాచీల పోకడలు, చుట్టూ అంచు అప్పుడే గట్టిగా వచ్చాయి. ఎందుకంటే కొనేవాళ్ల ఇళ్లలో నేల మీద అలాంటివి ఉండేవి. పాత దుప్పట్లకు చుట్టూ అంచు లేదు, చారలు అంచు దాకా పోయి ఆగుతాయి. మేము పట్నంలో చూసిన నల్ల అంచు వయసు, తీసి చూస్తే, ఓ నూటపాతికేళ్లు.

అంచు వచ్చాక మరొకటి వచ్చింది. కొందరు నేతగత్తెలు లోపలి రంగు దారం ఒకదాన్ని అంచు గుండా సన్నటి గీతగా బయటిదాకా తీస్తారు. నేసే మనిషి మనసు ఆ చట్రంలో చిక్కుకోకుండా బయటికి దారి అంటారు. అందరూ తీయరు. ఇప్పుడు అమ్మేవాళ్లకు ఈ గీతంటే మహా ఇష్టం. వేలుపెట్టి చూపించి, "ప్రాచీన నమ్మకం" అని ధర చెబుతారు. అంచు ఎవరు అడిగితే వచ్చిందో మాత్రం చెప్పరు.

అప్పటి అమెరికా మధ్యతరగతి ఇళ్లలో "ఇండియన్ మూల" అని ఒకటి పెట్టుకునేవారు. బుట్టలు, కుండలు, ఒక నవహో తివాచీ. రైలు కంపెనీతో కలిసి హోటళ్లు నడిపిన ఫ్రెడ్ హార్వీ సంస్థ తన కట్టడాల్లో నేతగత్తెలను కూర్చోబెట్టి ప్రయాణికుల ముందు నేయించింది. తెగ ఉన్న చోట తెగను ఆవరణలోకి నెట్టి, ఇంట్లో ఒక మూలలో దాని గుర్తు పెట్టుకోవడం. ఇదంతా నిజమే. అయితే ఇక్కడే ఆగిపోతే విమర్శ సగమే అవుతుంది. ఆ మార్కెట్ కోసమే నేసిన వాటిలో గొప్పవి ఉన్నాయి. వాటిని నేసినవాళ్లు పిల్లలకు తిండి పెట్టారు. అలంకరణ వస్తువు కాబట్టి తక్కువ అని మేము అంటే, కొట్టువాడి తక్కెడ తీసుకెళ్లి వేరే చోట పెట్టినట్టే.

చస్కా కొండల కింద టూ గ్రే హిల్స్ అనే చోటు ఉంది. అక్కడి నేతలో ఎరుపు ఉండదు. గొర్రె ఒంటి మీది రంగులే: తెలుపు, గోధుమ, నలుపు. తెల్ల ఉన్నినీ నల్ల ఉన్నినీ కలిపి దువ్వితే బూడిద. కలిపే పాళ్లు మార్చి పది రకాల బూడిద తెస్తారు. (నలుపు చాలకపోతే కాస్త రంగు తగిలిస్తారు, దాచేదేం లేదు.) అంగుళానికి పేక వరుసలు మామూలు తివాచీలో ముప్ఫయ్యో నలభయ్యో. 80 దాటితే ఇక్కడి వ్యాపారులు, సేకర్తలు దాన్ని తివాచీ అనరు, టాపెస్ట్రీ అంటారు. అంటే నేల మీద తొక్కడానికి పనికిరానంత పలచన, గోడ కోసమే పుట్టింది. డైసీ టాగెల్చీ అనే ఆమె వందకు పైగా నేసింది. ఆమె నేత ఒకటి 2004లో అమెరికా తపాలా బిళ్ల మీద వచ్చింది. ఆ బొమ్మను మేము చాలాసేపు చూశాం. పెద్ద ఆకారం లోపల చిన్నది, దాని లోపల ఇంకా చిన్నది. ప్రతి అంచు దగ్గరా ముదురు నుంచి లేతకు ఒక్కో మెట్టు. అరుపు లేదు. తూకం లెక్కకు పూర్తిగా ఎదురు నిలబడ్డ పని అది. బరువు ఎంత తగ్గితే విలువ అంత పెరిగింది. గోడ లేకపోతే అంత సన్నటి నేత పుట్టేదే కాదేమో. ఇది మా మొదటి ఫిర్యాదుకు మేమే తెచ్చుకున్న ఎదురు సాక్ష్యం.

ఉన్ని గురించి రాసేవాళ్లు గొర్రె గురించి రాయరు. 1933లో మొదలుపెట్టి ప్రభుత్వం డినేల మందలను బలవంతంగా తగ్గించింది. నేల కోసుకుపోతోంది, ఆ మట్టి కొలరాడో నది మీద కడుతున్న పెద్ద ఆనకట్టలో పూడిక వేస్తుంది అన్నది కారణం. నేల నిజంగానే పాడైంది. కానీ మందలు చాలావరకు ఆడవాళ్ల సొత్తు. వాళ్లను అడిగినవాళ్లు లేరు. కొన్నిచోట్ల మేకలను, గొర్రెలను కాల్చి అక్కడే కుళ్లడానికి వదిలేశారు. ఆనాటి పెద్దలు ఆ ముచ్చట్లు మనవలకు చెప్పి ఏడ్చేవారట. పొడవు నూలు పడే, జిడ్డు తక్కువ ఉండే పాత చుర్రో జాతి గొర్రె 1970ల నాటికి కొన్ని వందలకు పడిపోయింది. తర్వాత కొందరు పట్టుబట్టి మళ్లీ పెంచారు. పోడు నేలలో మొక్కలు నాటడానికి వచ్చిన జీపు చూసినవాళ్లు, మేకలే అడవిని తిన్నాయన్న మాట విన్నవాళ్లు ఈ పేజీ దగ్గర కాసేపు ఆగుతారు.

అందరికంటే మమ్మల్ని ఇబ్బంది పెట్టినవాడు హోస్టీన్ క్లా. మగవాడు, నేతగాడు, వైద్య పూజలు చేసే గాయకుడు. డినేల పూజలో రంగు ఇసుకతో నేల మీద బొమ్మ వేస్తారు. జబ్బుమనిషిని దాని మీద కూర్చోబెడతారు. పూజ అయ్యాక బొమ్మను చెరిపేస్తారు. చెరపడం పూజలో భాగం. క్లా 1919 ప్రాంతంలో ఆ బొమ్మను ఉన్నితో నేశాడు. చెరిగిపోవాల్సినదాన్ని చెరగకుండా చేశాడు. ఊళ్లో గగ్గోలు పుట్టింది, కీడు జరుగుతుందన్నారు. ఆయన ఆపలేదు. తన విద్య తనతోనే పోతుందని ఆయన భయం. మేరీ వీల్‌రైట్ అనే ధనికురాలితో కలిసి ఆ విద్యను రాయించి, నేసి, దాచాడు. 1937లో ఆయన చనిపోయిన ఏడాదే సాంటాఫేలో ఆ మ్యూజియం తెరిచారు. నలభై ఏళ్ల తర్వాత, 1977లో, అదే మ్యూజియం పూజకు వాడే పవిత్ర వస్తువులను డినేలకు తిరిగి ఇచ్చేసింది. ఆయన నేసిన బట్టలను ఇప్పుడు చూస్తే నేత గొప్పగా ఉంటుంది. అయినా చూడకూడనిదేదో చూస్తున్నామని అనిపిస్తుంది.

సవరల పూజ గోడబొమ్మ కూడా మొదట అలంకరణ కాదు. అది ఆత్మకు కట్టిన ఇల్లు. పూజారికి కల వస్తే, ఇంట్లో జబ్బు వస్తే వేసేది. ఇప్పుడు కాన్వాసు మీద, చీర కొంగు మీద వస్తోంది. మన యువకులకు ఆ పని దొరుకుతోంది, మంచిదే. ఏ బొమ్మ బయటికి ఇవ్వవచ్చు, ఏది ఇంట్లోనే ఉండాలి అన్నది మాత్రం ఆర్డరు ఇచ్చినవాడు తేల్చకూడదు. డినేలు ఒక విషయంలో తామే తేల్చారు. వాళ్ల నేతలో స్వస్తిక్ లాంటి గుర్తు ఉండేది, నీటిలో తిరిగే దుంగల కథకు సంబంధించింది. హిట్లర్ దాన్ని పాడుచేశాక 1940లో డినేలు, హోపీలు, మరి రెండు తెగల ప్రతినిధులు కలిసి ఇక ఆ గుర్తు వాడబోమని సంతకాలు పెట్టారు. కొందరు నేటి నేతగాళ్లు దాన్ని మళ్లీ తెస్తున్నారు. అదీ వాళ్ల నిర్ణయమే.

ఇక పట్నం గోడ మీది తివాచీ. డినేల డిజైన్లను మెక్సికోలో జాపోటెక్ నేతగాళ్లు అమెరికా వ్యాపారుల కోసం నేశారు. మన దేశంలోనూ నేస్తున్నారు, చవగ్గా. ఆ కూలివాళ్ల మీద మాకు ఫిర్యాదు లేదు. వాళ్ల పేరూ చీటీ మీద లేదు. అమెరికాలో తెగవాళ్లు చేయనిదాన్ని తెగవాళ్లదని అమ్మితే నేరమని 1990లో చట్టం చేశారు. దాని అండతో నవహో నేషన్ 2012లో అర్బన్ అవుట్‌ఫిట్టర్స్ అనే పెద్ద దుస్తుల కంపెనీ మీద కేసు వేసింది. లోదుస్తుల మీద, మందు సీసా మీద కూడా నవహో పేరు వాడారు మరి. 2016లో రాజీ కుదిరింది. అయితే చట్టం పేరును కాపాడుతుంది. "ట్రైబల్" అని మాత్రమే రాస్తే ఎవరి పేరూ వాడినట్టు కాదు. పేరు తీసేసిన దొంగతనం పట్టుబడదు. ఇంకోవైపు అదే 2012లో ఒక పాత చీఫ్ బ్లాంకెట్ కాలిఫోర్నియా వేలంలో 18 లక్షల డాలర్లకు పోయింది. నేసినామె పేరు ఎవరికీ తెలియదు.

పేరుతో నేసేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. మెలిస్సా కోడీ 1983లో పుట్టింది. జర్మన్‌టౌన్ కళ్లు చెదిరే పద్ధతినే తీసుకుని, తన చిన్ననాటి వీడియో గేముల చుక్కల బొమ్మలను అందులో కలిపింది. 2011లో తండ్రికి పార్కిన్సన్ జబ్బు వచ్చిన సంగతి మీద ఒకటి నేసింది. 2024లో న్యూయార్క్‌లో పెద్ద ప్రదర్శన పెట్టారు. అదే ఏడాది వాషింగ్టన్‌లో డి.వై. బిగే నేతలు పెట్టారు. ఆమె తన ఊరి కొండలను, పొద్దు రంగులను అంచు లేకుండా నేస్తుంది. క్రౌన్‌పాయింట్ అనే ఊళ్లో 1960ల చివర్లో మొదలైన నెలవారీ తివాచీ వేలం చాలా ఏళ్లు బడి ఆటల హాల్లో జరిగింది. నేసినామె వెనక వరుసలో కూర్చుని తన తివాచీ ఎంతకు పోయిందో తన చెవులతో వింటుంది. మాకు న్యూయార్క్ కంటే ఆ బడి హాలే ఎక్కువ నచ్చింది. ఉపాధ్యాయ మిత్రులు ఈ సంగతి గమనించాలి.

క్లా చేసింది తప్పా ఒప్పా అన్నదాని మీద మాలో మాకు మాట కుదరలేదు. ఈ వ్యాసం చదివి వినిపించిన రాత్రి ఒకరు, చెరిపేయాల్సింది చెరిపేయాల్సిందే అన్నారు. బొమ్మలు వేసే సవర తమ్ముడొకడు, "మా తాత వేసింది నేను చూడలేదన్నా, ఇల్లు పడిపోయింది. ఎవరైనా గుడ్డ మీద వేసి ఉంచితే బాగుండేది" అన్నాడు. తర్వాత కాసేపటికి, గుడ్డ మీద వేసి ఉంచినా దాన్ని మాకు చూపించేవాళ్లా అని తనే అన్నాడు. వాదన తెల్లారేదాకా సాగింది. పట్నం ఆవిడకు మాత్రం మరునాడు ఫోను చేసి ఆ డిజైను ఎవరిదో చెప్పాం. పేరు రెండుసార్లు పలికించుకుని రాసుకుంది. ఎక్కడ రాసుకుందో అడగలేదు.